ఇంకొక్క రోగి

గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచే కొత్త మందు మీద పరీక్ష ముగియాలంటే, డాక్టర్ హాల్వర్సన్‌కు ఇంకొక్క గుండెపోటు రోగి కావాలి.

"మంచు పడితే చాలు మార్నీ! మన దులూత్ ఊళ్లో మగాళ్లంతా పారలు పట్టుకుని మంచు ఎత్తిపోయడానికి బయటికొస్తారు. ఆ చలిలో, ఆ శ్రమకి ఒక్కడైనా గుండె పట్టుకుని కూలబడడా?" అన్నాడు నర్సుతో.

"ఏం కోరికండీ అది, పాపం తగుల్తుంది!" అంది మార్నీ.

తెల్లారేసరికి మోకాలి లోతు మంచు కురిసింది. రోగి వచ్చేలోపు ఆసుపత్రికి చేరాలని, కారు ముందు మంచు ఎత్తిపోస్తూ హాల్వర్సనే కూలబడ్డాడు.

"చివరి రోగి దొరికాడండీ," అంటూ ఆసుపత్రిలో మార్నీ అతని మంచం దగ్గరకొచ్చి కాగితం చాపింది. "సంతకం పెట్టండి. మీకు పాత మందా, కొత్తదా అన్నది కంప్యూటర్ లాటరీ వేసి తేలుస్తుంది. గుండెపోటు నాకొచ్చినా ఇందులోనే చేరతానని అందరికీ చెప్పేవారుగా?"

హాల్వర్సన్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పాతదే ఎక్కించు తల్లీ. నాకు పెళ్లాం పిల్లలున్నారు!"