జనవరి సూర్యుడు

ముసలాయన ఎడమచెయ్యి మళ్ళీ టెర్రస్ మీది టెలిస్కోపుపై పడింది.

"అయ్యో, ముట్టుకోవద్దండీ!" అరిచింది తన్మయి.

అండాలమ్మ గబుక్కున చక్రాల కుర్చీ వెనక్కి లాగింది.

"ఏమనుకోకుండ్రి మేడం. సుందరయ్య సారు. మూడో అంతస్తుల కొత్తగ దిగిన్రు. పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. పొద్దుగాల జర ఎండకు కూసోబెట్టుమన్నడు డాక్టరు."

"మీకేమవుతారు?"

"నాకేం కారు. నేను జీతానికి చూసుకుంట. ఆయన బిడ్డ నర్సు. తెల్లారంగనే డ్యూటీకి పోతది."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతుంది తన్మయి. పదకొండేళ్ళుగా ఎవరెవరి పిల్లలకో ర్యాంకులు తెప్పించింది. తనకంటూ చేసుకున్నది ఈ టెలిస్కోపు ఒక్కటే.

సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడే కంటికి కనిపిస్తాయి. ఆ గ్రహణాన్ని టెలిస్కోపు గొట్టం లోపలే తెప్పించే పరికరం ఆమె డిజైన్ చేసింది. సూర్యబింబం పడేచోట దాన్ని సరిగ్గా కప్పే ఇత్తడి బిళ్ళ. దాని వెనక ఆ ఎరుపును మాత్రమే వదిలే ఫిల్టర్. ఆ వెనక కెమెరా.

జూన్ మొదట్లో ఒక్క ఉదయం జ్వాల కనిపించింది. కెమెరా అమర్చేలోగా వానలు పట్టుకున్నాయి.

వానలు వెలిశాక చూస్తే ఏముంది? తెర నిండా తెల్లటి వెలుగే. జ్వాల లేదు, ఏమీ లేదు.

జనవరి నెలాఖరుకల్లా ఫొటో పంపితే శాస్త్రవేత్తల సదస్సులో ఆ పరికరాన్ని చూపించనిస్తారు. విప్పింది, తుడిచింది, బిగించింది. రోజులు కరిగిపోతున్నాయి గానీ వెలుగు తగ్గలేదు.

ముసలాయన మాత్రం రోజూ వచ్చేవాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టేవాడు. గొట్టం వైపు చూపించి, ఆ సున్నాను రవ్వంత విడదీసేవాడు. "ఊ... ఊ..." అని ఒకటే ఆరాటం.

"ఏమంటున్నారు?"

"ఏమో మేడం. చాయ్ గ్లాస్ అడుగుతుండనుకొని ఇస్తే ఇసిరికొట్టిండు."

ఆ ఉదయం ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి గొట్టాన్ని గట్టిగా పట్టేసుకున్నాడు. తన్మయి వేళ్ళు ఊడదీయాల్సి వచ్చింది.

"ఈయన చెయ్యి పెట్టినప్పట్నుంచే ఇది పాడైంది. దయచేసి ఇక పైకి తీసుకురాకండి."

మాట పోయింది గానీ ముసలాయనకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగిపోయింది.

మర్నాటి నుంచి కుర్చీ పైకి రాలేదు.

నెలాఖరులో క్లాసులో బోర్డు మీద భూమి కక్ష్య గీస్తోంది తన్మయి. "జనవరిలో మనం సూర్యుడికి బాగా దగ్గరగా ఉంటాం."

"అయితే ఇప్పుడు సూర్యుడు పెద్దగా కనిపిస్తాడా మేడం?" వెనక బెంచీ నుంచి ఎవరో అమ్మాయి.

"కొంచెం. కంటికి తెలియదు."

చాక్‌పీసు ఆగిపోయింది.

కంటికి తెలియదు. కానీ జూన్‌లోని చిన్న సూర్యుడికి సరిపెట్టి కోయించిన బిళ్ళకు? దాని అంచు దాటి వెలుగు పొర్లదూ?

రవ్వంత విడిపోయిన ఆ రెండు వేళ్ళు కళ్ళముందు నిలిచాయి. పెద్దది పెట్టమ్మా, ఇంకాస్త పెద్దది. పాపం, రోజూ ఆయన మొత్తుకున్నది ఇదే.

మూసారాంబాగ్ లేత్ షాపులో కొత్త బిళ్ళ చేయించేసరికి గడువు కాస్తా దాటిపోయింది. నాలుగు వెంట్రుకలు పక్కపక్కన పేర్చినంత తేడా, అంతే.

మర్నాడు ఉదయం బిళ్ళ అమర్చి తెర వైపు చూసింది. నల్లటి వలయం అంచున కమానులా వంగిన ఎర్రటి జ్వాల.

ఫొటో తీసి, ఫోన్లోకి ఎక్కించుకుని మూడో అంతస్తుకు పరుగెత్తింది. అండాలమ్మ తాళం వేస్తోంది, చేతిలో బట్టల సంచి.

"సారు నిన్నటి సంది దవాఖానల ఉన్నడు మేడం. మల్ల స్ట్రోక్ అంట."

అండాలమ్మతో కలిసి మెట్రోలో మూడు స్టేషన్లు. ఎల్‌బీ నగర్ ఆసుపత్రి చేరేదాకా తన్మయి కూర్చోలేకపోయింది.

ఐసీయూ బయట నర్సు యూనిఫాంలోనే ఒకామె గోడకు ఆనుకుని ఉంది. కూతురు సాధన ఆమేనని అండాలమ్మ చెప్పింది.

"మన బిల్డింగ్ టెర్రస్ మీద టెలిస్కోపు పెట్టేది నేనేనండీ. మీ నాన్నగారికి ఇది ఒక్కసారి చూపించాలి. ఆయన చెప్పినట్టే చేశాను. ఒక్క నిమిషం చాలు."

"కండ్లు తెరుస్తలేడు మేడం," అంది సాధన. "ఇగ తెరువడని చెప్పిన్రు."

తన్మయి ఫోను అలాగే చాచి పట్టుకుని నిలబడిపోయింది.

సాధన ఆ ఫొటో వైపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నాన్న తీసిన ఫొటో మీకెట్ల దొరికింది?"

"మీ నాన్నగారు తీసింది కాదమ్మా. ఇవాళే నేను..."

సాధన ఐసీయూ తలుపు వైపు తిరిగింది.

"గీ సూర్యుని మంటలు చూసే టెలిస్కోప్‌లు డిజైన్ చేసుడే ముప్పై ఏండ్లు మా నాన్న నౌకరి మేడం."