మొదటి ముద్ద

"ఏం చెయ్యమంటావమ్మా?" తన సుషీ కొట్లో బల్లకవతల కత్తి తుడుచుకుంటూ అడిగాడు ఇసావో.

చిహరు గోడకున్న చెక్కపలకల కేసి చూసింది. అన్నీ చేపల పేర్లే. ఇరవై ఆరేళ్లొచ్చినా ఆమె, అన్నం మీద చేపముక్క పరిచిన సుషీ ముద్ద నోట పెట్టి ఎరగదు. వాళ్లమ్మ ఇంట్లో ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు. చేతులు తుడుచుకోడానికి ఎదురుగా పెట్టిన వేడి తువాలు కూడా ముట్టుకోకుండా, చేతులు రెండూ ఒళ్లో దాచుకుని కూర్చుంది.

పక్క కుర్చీలో ముసలాయన నవ్వాడు. "కొత్తా? భయపడకు. మా ఇసావో మనిషిని చూడడు, చేతిని చూస్తాడు. నువ్వు తువాలు ఏ చేత్తో తీస్తే, ముద్ద ఆ చేతికి అందేలా తిప్పి పెడతాడు. చూడు, నాది కుడివైపు తిరిగి ఉందా?"

"ముందు నువ్వు తిను పెద్దాయనా, అన్నం ఆరిపోతోంది," అన్నాడు ఇసావో. నవ్వలేదు. మళ్లీ చిహరు వైపు తిరిగాడు. "ఊఁ, చెప్పు."

ఖరీదైన ట్యూనా చేప అడిగితే గొప్పలకు పోయిందనుకుంటాడేమో. గుడ్డట్టు అడిగితే చిన్నపిల్ల అనుకుంటాడేమో. తినేసి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోవాలనే వచ్చింది.

"రొయ్య," అంది.

ఇసావో అన్నం ముద్ద ఒత్తాడు. మీద రొయ్య పరిచి, ఆమె ముందు పెట్టాడు.

ముద్ద ఎడమవైపు తిరిగి ఉంది.

చిహరు చేతులింకా ఒళ్లోనే ఉన్నాయి.

"తిను తల్లీ," అన్నాడు ఇసావో తలెత్తకుండా. "నా ఒళ్లో కూచుని ఆ చేత్తోనే అన్నం తినేదానివి. మీ అమ్మ ఎంత తిట్టినా వినేదానివి కాదు."