తొమ్మిది వాకిళ్ళు

“పెట్టె కావాలా, పిల్లాడు కావాలా? ఏదో ఒకటి చెప్పు.”

నాగేంద్రమ్మ కోడలి గడ్డం పట్టి తనవైపు తిప్పుకుని మరీ అడిగింది. పెనుగొలను నుంచి పొద్దున మొదటి బస్సుకే తిరువూరులో దిగింది. కాళ్ళయినా కడుక్కోకుండా మనవడి బట్టలన్నీ సంచిలో కుక్కేసింది. పాలసీసా కూడా.

స్నిగ్ధ అత్తగారి ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఏడుపు రావాలి. రాలేదు. కాన్పయి ఐదు నెలలు. అప్పటి నుంచీ అంతే. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పిల్లాణ్ని ఒళ్ళో పెట్టుకున్నా బియ్యం మూటని పెట్టుకున్నట్టే. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఏమనుకుంటారోనని భయం. వాడు బోర్లా పడి ఊపిరాడక పోతాడేమోనని ఇంకో భయం. రోజుకు నలభైసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. భయం ఒక్కటే మిగిలింది లోపల.

ఆ మొద్దు కాస్త కరిగింది పెట్టె దగ్గరే.

భర్త అంకారావుకి బస్టాండు వెనక మైకుల కొట్టు ఉంది. పెళ్ళిళ్ళకీ చర్చి సభలకీ సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. ముహూర్తాలు లేని రోజుల్లో పెద్ద బాక్సు ఇంటి ముందుగదిలోనే పడి ఉంటుంది. ఆ మధ్య విస్సన్నపేట నుంచి శశాంక్ అనే లెక్చరరు కాలేజీ ఫంక్షనుకి దాన్ని పట్టుకెళ్ళి, తిరిగిచ్చేటప్పుడు ఒక సీడీ కూడా ఇచ్చాడు. ఏదో వీడియో గేము ఉందట. దాని కథనంతా పరాయి దేశంలో ఎవరో గిటార్లూ డ్రమ్ములూ పెట్టి పాటలుగా కట్టారట. మొదటి నుంచి చివరిదాకా పాటేనట, వట్టి మాటన్నదే ఉండదట.

అంతా ఇంగ్లీషు. అందుకని ఏ పాటలో ఏం జరుగుతుందో తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టాడాయన. నాలుగో తరగతితో బడి మానేసిన స్నిగ్ధ దాన్ని కూడబలుక్కుని చదివింది. ఒక పిల్ల దీపం పట్టుకుని తొమ్మిది వాకిళ్ళు దాటాలి. దీపం ఆరితే మళ్ళీ మొదటి వాకిలి. ఎన్నిసార్లయినా సరే.

టెస్టింగుకని అంకారావు ఆ సీడీ పెట్టిన రోజున స్నిగ్ధ బాక్సుకి వీపు ఆనించి కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మొదటి వాకిలి పాట గచ్చులోంచి లేచి పాదాలకెక్కింది. మూడోది పక్కటెముకల్లో దూరింది. ఐదో వాకిలి దగ్గర దీపం ఆరింది. అంతా ఒక్కసారి ఆగిపోయింది. గుండెలో గొయ్యి తీసినట్టయింది. ఆ తర్వాత ఒకే ఒక్క దెబ్బ.

చేతిలో చిక్కుడుకాయ మసకబారింది. చూసుకుంటే కళ్ళలో నీళ్ళు.

ఇక ఆ రోజు నుంచీ కొత్తగా మనసు పడ్డ పిల్లలా తయారైంది. మధ్యాహ్నం భోజనానికొచ్చిన భర్త సీడీ పెట్టి ఎప్పుడు కొట్టుకి వెళతాడా అని ఎదురుచూసేది. పిల్లాణ్ని లోపలి గదిలో చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఉయ్యాల తాడు కొసని కాలి బొటనవేలికి కట్టుకునేది. వాడు కదిలితే వేలు లాగుతుంది. లేచి పరుగెత్తేది.

నిన్న ఆ ముడి ఊడిపోయింది.

“గుక్కపట్టి ఏడ్చాడండీ అమ్మగారూ! మొహం నల్లగా కమిలిపోయింది,” గుమ్మంలోంచి మేరమ్మ అందుకుంది. పక్క వాటాలో దిగి వారమైంది. నిన్న పరుగెత్తుకొచ్చి పిల్లాణ్ని ఎత్తుకున్నది ఆవిడే. “ఈ అమ్మాయేమో పెట్టెకి జారబడి హాయిగా కళ్ళు మూసుకునుంది. అంత సౌండు పెట్టుకుంటే ఏడుపేం వినపడుద్దండీ?”

నాగేంద్రమ్మ గుమ్మం వైపు తిరిగింది. “నీ పొయ్యి మీద కూర మాడుద్దేమో, చూసుకో తల్లీ,” అని ఆవిణ్ని సాగనంపి, మళ్ళీ కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

“నిన్ను తిట్టాలని రాలేదే అమ్మాయ్. నా భయం నాది. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేవాడు?”

“పెట్టె తీసేయించండి అత్తయ్యా,” అంది స్నిగ్ధ.

అంకారావు ట్రాలీ ఆటో తెచ్చాడు. వైర్లు చుట్టాడు. బాక్సు ఎత్తబోతూ భార్య వైపు చూశాడు. ఆమె గోడకున్న క్యాలెండరు చూస్తోంది. సీడీ కూడా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ముందుగది బోసిపోయింది.

నాగేంద్రమ్మ సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. “నాలుగు రోజులు నేనూ ఇక్కడే ఉంటాలే,” అంటూ పిల్లాణ్ని తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. నిద్ర చెడిన పిల్లాడు కాళ్ళు తన్నుతున్నాడు. నోరంతా తెరిచేశాడు.

స్నిగ్ధ వాణ్ని గుండెకి అదుముకుని కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. ఎప్పటిలాగే బరువు, వెచ్చదనం, అంతే. తర్వాత పక్కటెముకల్లో సన్నగా ఏదో మొదలైంది. లేచింది. విరిగింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ వచ్చింది, ముందుకంటే గట్టిగా.

ఎనిమిదేళ్ళప్పుడు మెదడువాపు జ్వరంలో రెండు చెవులూ పోయిన స్నిగ్ధకి, తన కొడుకు గొంతు ఎలా ఉంటుందో తెలిసింది అప్పుడే.