ఆదోని వాల్వు

ఎమ్మిగనూరంతా ట్రాన్సిస్టర్లు కొంటున్నా నేతగాడు మహానంది తన పాత వాల్వు రేడియోను వదల్లేదు. దాని గొంతులో ఉన్న కమ్మదనం వాటికెక్కడిది? ఆదోనిలో ఎవరి సెట్టులోంచో పీకి అమ్మిన గాజు వాల్వొకటి తెచ్చి బిగించి, చీకటి పడ్డాక రేడియో పెట్టాడు. గరగర పోయింది. ఎవరో పక్కనే కూర్చుని పాడుతున్నట్టుంది.

ఇంకాస్త సరిచేద్దామని టోన్ మర తిప్పుతుంటే పాట వెనక సన్నగా మగ్గం చప్పుడు వినిపించింది. వీధిలో ఎవరో నేస్తున్నారనుకున్నాడు. అంతలో గుర్తొచ్చింది, ఇవాళ అమావాస్య. ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు.

పాట తగ్గించాడు. మగ్గం తగ్గలేదు. ప్లగ్గు పీకేశాడు. వాల్వుల్లో ఎర్రని వెలుగు మెల్లగా ఆరిపోయింది. చప్పుడు మాత్రం వెనక గదిలోంచి, తన మగ్గం నుంచే వస్తోంది.

వంటింట్లోంచి భార్య భాగ్యమ్మ కేకేసింది.

"అమావాస్య పూట మగ్గం గుంతలో దిగినావేమయ్యా? లేసి రా, సంగటి సల్లారిపోతాంది."

నేనిక్కడే ఉన్నానని చెప్పబోయాడు. నోరు తెరిస్తే గరగర తప్ప మాట రాలేదు.

మగ్గం ఆగింది.

"వస్తాండాలే భాగ్యా" అన్నారెవరో ఆ గదిలోంచి.

అది మహానంది గొంతే.

వంటింట్లో కంచం పెట్టిన చప్పుడైంది.