ఒక చుట్టు

"ఇంకెంతసేపు నాన్నా? లైన్లోకి రమ్మంటున్నారు," హెల్మెట్ చేత్తో పట్టుకుని అడిగింది కూతురు.

"రెండు నిమిషాలు. టైర్లలో గాలి చూస్తున్నా. ఈలోగా నువ్వు కాసిని మంచినీళ్ళు తాగిరా."

ఆమె అటు వెళ్ళగానే, ఆమె బండికి తనే మెకానిక్ అయిన ఆ తండ్రి చిన్న రేసు కార్టు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. షెడ్డులో ఎవరూ లేనప్పుడు, స్టీరింగును కుడి చక్రానికి కలిపే కడ్డీని తనే ఒక చుట్టు తిప్పేశాడు. చక్రం కాస్త పక్కచూపు చూస్తే బండి ఒక వైపు లాగుతుంది, వేగం చచ్చిపోతుంది. పిల్ల ఓడిపోతుంది, అంతే. గెలిస్తే మాత్రం పెద్ద కార్ల జట్టువాళ్ళు ఎగరేసుకుపోతారు. అతని తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవి ఆ కార్లే.

కానీ మనసు ఒకటే పీకుతోంది. తండ్రి చేతి పనిని నమ్మి కళ్ళు మూసుకుని మలుపులోకి దూకే పిల్ల అది.

నట్టు వదులు చేశాడు. చక్రాల మధ్య దూరం ముందోసారి, వెనకోసారి టేపుతో కొలవనిదే పానా కింద పెట్టని మనిషి. ఇవాళ ఆ వ్యవధి లేదు. ఎంత తిప్పాడో చేతికి గుర్తే. సరిగ్గా ఒక చుట్టు వెనక్కి తిప్పి బిగించాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"అయిందా?"

"అయిందమ్మా. వెళ్ళి గెలిచిరా," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆమె అతని వైపు ఒక్క క్షణం వింతగా చూసి, జిడ్డు చేతిని నొక్కి వెళ్ళిపోయింది.

జెండా ఊగింది. తిన్నని దారి రాగానే కార్టు పక్కకు లాగడం మొదలెట్టింది. ఆమె స్టీరింగుతో కుస్తీ పడుతోంది. ఒకరొకరే దాటిపోతున్నారు. కంచె దగ్గర నిలబడ్డ మెకానిక్ పానా పట్టినట్టు గాల్లోనే చేయి తిప్పి చూసుకున్నాడు. తిప్పాల్సిన వైపే తిప్పానా? ఎన్నిసార్లు తలచుకున్నా చేయి అదే చెబుతోంది.

ఆరో స్థానంలో వచ్చి ఆగింది. ఆమె దిగి, మణికట్లు రుద్దుకుంటూ ముందు చక్రం దగ్గర వంగింది. నట్టు మీద తాజా గీత చూసి వేలితో తడిమింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడతను తలెత్తకుండా. "నువ్వు వెళ్ళిపోతావన్న భయంతో పొద్దున దాన్ని తిప్పేశాను. మనసొప్పక ఇందాక మళ్ళీ వెనక్కి తిప్పాను. అయినా ఎందుకిలా..."

ఆమె అతని పక్కనే నేల మీద కూలబడింది.

"పొద్దున్నే చూసి సరిచేసుకున్నాను నాన్నా."