నాడాలు లేని చొక్కాలు

"నాడాలున్నవి వద్దమ్మా," అన్నాడు టైలరు.

బల్ల మీద పరిచిన పసిపిల్లల చొక్కాలన్నిటికీ వెనక నాడాలే ఉన్నాయి. కొట్టు ఆవిడ ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"పుట్టిన బిడ్డకి ఇవే వేస్తారు బాబాయిగారూ. ముడి మన చేతిలో ఉంటుంది. వదులు చేసుకోవచ్చు, బిగించుకోవచ్చు."

"తెలుసమ్మా. ముప్పై ఏళ్లు కుట్టినవాణ్ణి. అక్కడ నాడాలు ఒప్పుకోరు."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఏం తేవచ్చో, ఏం తేకూడదో అచ్చు వేసి ఇచ్చిన కాగితం. పైభాగం వెనక్కి మడిచే ఉంచాడు.

"ఒక్కటి తేడా వచ్చినా సంచి మొత్తం తిప్పి పంపేస్తారు. పోయినసారి అదే అయింది. ఇవాళ కూడా పంపేస్తే, పురుడొచ్చేలోగా మళ్లీ వీలు పడదు. బిడ్డని ఏ పాత గుడ్డలోనో చుడతారు."

పోయినసారి తప్పు ఆయనదే. అరువు తెచ్చిన కత్తెరతో మెత్తటి బట్ట కత్తిరించి ఆరు చొక్కాలు, ఒక బొంత కుట్టుకుని వెళ్లాడు. పసి ఒంటికి ఒరుసుకోకుండా కుట్లన్నీ బయటికి పెట్టాడు. అక్కడ కూర్చున్నావిడ బొంతని అటూ ఇటూ నొక్కింది. అంచు జానెడు విప్పి లోపలికి చూసింది. ఇంట్లో కుట్టినవి తీసుకోం, కొట్లో కొన్నవే బిల్లుతో సహా తెమ్మంది. ఊళ్లో వాళ్ల పిల్లలందరికీ కుట్టి కుట్టి నడుం వంగిన మనిషి, సొంతవాళ్లకి కుట్టేసరికి పనికిరాకుండా పోయాడు.

"పెద్ద ఆసుపత్రులకే ఇంత పొగరు," అంది కొట్టు ఆవిడ, ఇంకో పెట్టె దించుతూ. "ఇదిగోండి, ప్లాస్టిక్ బొత్తాలవి. పాలసీసా గాజుదిస్తాను, మరిగించుకోవచ్చు."

"గాజు కుదరదు."

"పిన్నీసులు?"

"కుదరదు."

"గోళ్లు తీసేదైనా పెట్టమంటారా? పసివాళ్లు మొహం గీరేసుకుంటారు."

"చేతులకి తొడుగులు ఇవ్వమ్మా. మెత్తనివి."

బాలింత నైటీలు రెండు, నడుం పట్టీ లేనివి. బాలింత ప్యాడ్లు. తువ్వాళ్లు. సబ్బు. పౌడరు డబ్బా. ప్రతిదీ కాగితం మీద వేలు పెట్టి చూసుకుంటూ సంచిలో వేస్తున్నాడు. నైటీ కుట్టు చూసి ఆయన నోరు ఊరుకోలేదు.

"ఇది కుట్టినవాడికి చూపు లేదా, మనసు లేదా?"

"రెండూ ఉంటే ఇంత చవగ్గా ఎవడు కుడతాడు బాబాయిగారూ!" నవ్విందావిడ. "కూతురా?"

"కోడలు."

"మరి మీ అబ్బాయి రాలేదే?"

"వాడు రాడు."

"సిగ్గు కాబోలు."

"వాడికి సిగ్గే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తుందమ్మా!"

"పోనీ, అత్తగారిని పంపాల్సింది. ఆడవాళ్ల సరుకు, మీకేం తెలుస్తుంది?"

"మా ఆవిడకి కోడలి పేరెత్తితేనే ఒళ్లు మంట. ఈ సంచితో గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతానంది."

"అత్తలంతే లెండి. బిడ్డ మొహం చూస్తే అన్నీ మర్చిపోతారు."

ఆ మొహం ఎవరి పోలిక తెచ్చుకుంటుందోనన్నదే ఆయన భయం.

ఇంట్లో ఉన్న మూడేళ్లలో ఆ పిల్ల మామగారిని అడిగింది ఒకే ఒక్కటి. "మామయ్యా, ఆయనకి మీరొక్క మాట చెప్పండి." చెప్తాననలేదు, చెప్పననలేదు. మిషను తొక్కుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత కూడా గోడ అవతల ఏం వినబడినా తొక్కుతూనే ఉన్నాడు. కాకపోతే ఇంకాస్త గట్టిగా.

టోపీల దగ్గరకొచ్చేసరికి అన్నిటికీ రిబ్బన్లే.

"కత్తిరించేసుకోండి," అందావిడ. "టైలరు దగ్గర కత్తెరకి కరువా?"

"ఉండేది. మా నాన్న కాలం నాటిది. తీసుకెళ్లిపోయారు."

"ఎవరు?"

"అడిగినవాళ్లు."

ఆవిడ తన కత్తెర ఇచ్చింది. ఆయన దాన్ని కాసేపు ఊరికే పట్టుకున్నాడు. తర్వాత రిబ్బన్లు మొదలంటా కోసేశాడు, దారప్పోగు కూడా మిగలకుండా. కత్తెర తిరిగి ఇచ్చేటప్పుడు మొన తనవైపు తిప్పి ఇచ్చాడు.

మధ్యాహ్నానికి వరసలో ఆయన వంతు వచ్చింది. ఈసారి కిటికీ దగ్గర కొత్తావిడ. సంచి బల్ల మీద బోర్లించింది. నైటీల అంచులు వేళ్లతో తడిమింది. ప్యాడ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. టోపీలు లోపలి వైపు తిప్పింది. పౌడరు డబ్బా తీసి పక్కన పెట్టింది.

అయిపోయిందనుకున్నాడు టైలరు. అక్కడే బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆవిడ మూత తీసింది. వాసన చూసింది. మళ్లీ బిగించి సంచిలో వేసింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడ రాయండి," అంటూ పెన్ను అందించింది.

ఆయన చేసిన పని సరిగ్గా ఉందని ఎవరైనా అనడం అయిదు నెలల్లో అదే మొదలు.

జైలు రిజిస్టరులో 'ఖైదీకి ఏమవుతారు' అన్న గడిలో 'మామ' అని రాసి ఇస్తే, ఆవిడ అది, పక్క గడిలోని 'హత్య' అన్న మాట చదివి, ఇంతకీ లోపలున్న మనిషి చంపింది ఎవర్నని అడిగింది. "నా కొడుకుని, నా కత్తెరతో," అన్నాడు టైలరు.