రోకలి పోటు

మా కొండ కింద ఆకాశాన్ని వినే యంత్రం పెట్టినప్పటి నుంచి ఊళ్లో రోకలి ఎత్తాలంటే అనుమతి కావాలి. నేల అదిరితే దానికి నక్షత్రాల కదలిక తెలియదట. కారం కూడా పట్నంలో ఆడించుకొస్తున్నాం. గుడి గంటకి గుడ్డ చుట్టారు.

నా మనవరాలు నీలవేణి ఆ యంత్రం దగ్గరే పనిచేస్తుంది. దాని పెళ్లి పసుపు దంచడానికి అరగంట ఇచ్చారు.

"అన్ని కోట్లు పోసి, ఎక్కడో చుక్కలు గుద్దుకుంటే విని ఏం చేస్తారే?" అన్నాను విసుగ్గా.

"ఇన్నేళ్లు గంట కొట్టావు. దేవుడు విని ఏం చేశాడని అడిగావా నానమ్మా?"

"నా దేవుడు నన్ను దంచొద్దనలేదు."

అంతలో మా ఆడపడుచు సుభద్ర నా చేతిలో రోకలి లాక్కుంది. "నువ్వు పక్కకి జరుగు వదినా. ముత్తైదువలు దంచాలి. శుభమా అని పెళ్లి!"

ముత్తైదువలు పేరుకి నాలుగు పోట్లు వేసి ఫోటోలకి నిలబడ్డారు. గడువు అయిపోయింది. పసుపు కొమ్ములు కొమ్ముల్లాగే ఉన్నాయి. తల్లి లేని పిల్లని పెంచింది నేను. నాకు ఒళ్లు మండింది. రోకలి అందుకుని దంచడం మొదలుపెట్టాను.

"అయ్యో, అపశకునం!" అంది సుభద్ర.

యంత్రం దగ్గర్నుంచి నీలవేణికి ఫోన్ వచ్చింది. "మీ ఇంటి దగ్గర నేల అదురుతోంది. ఎవరక్కడ?"

చెప్పొద్దని సుభద్ర చేతులూపింది.

"మా నానమ్మండీ," అంది నీలవేణి. "నా పెళ్లి పసుపు దంచుతోంది. మెత్తబడేదాకా ఆపదు."